చలివేంద్రమా, కుళాయా?



ముందు మా వీధి సంగతి ఒకటి చెప్పి, ఆ తర్వాత మిమ్మల్ని ఒక దూరదేశానికి తీసుకువెళతాను. రెండింటికీ చుట్టరికం ఏమిటా అనుకోకుండా కాస్త ఓపికపట్టండి.

మా మహిళామండలి తరఫున ఏటా ఎండాకాలంలో వీధి మొగలో చలివేంద్రం పెడతాం. తాటాకు పందిరి, నాలుగు పెద్ద కుండలు, నీళ్ళు పోయడానికి ఒక పెద్దావిడకు రోజుకూలి, శుక్రవారం శుక్రవారం మజ్జిగ. ఇంతే ఏర్పాటు. కిందటి వేసవిలో చందా పుస్తకం పట్టుకుని కాఫీలవేళ బయల్దేరితే, వంటవేళకి ఇంటికి వచ్చేశాను. కాదన్న గడప ఒక్కటీ లేదు. "దాహం తీర్చిన పుణ్యం ఊరికే పోదమ్మా" అంటూ నూటపదహార్లు చేతిలో పెట్టినవాళ్ళే అందరూ.

పందిరి వేసిన మూడోనాటినుంచీ బాటసారులకంటే బిందెలు పట్టుకొచ్చే ఆడవాళ్ళు ఎక్కువయ్యారు. మా వీధి వెనక పేటలో వాళ్ళు. అక్కడ కుళాయి లేదు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఉండేదీ ఆ పేటలోనే. అంట్లు తోముతూ తలెత్తకుండానే అడిగింది: "అమ్మగారూ, మీ చలివేంద్రం రెండు నెలలే కదండీ. తక్కిన పదినెల్లూ మేం ఏం తాగాలండీ?"

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు మళ్ళీ చందా పుస్తకం తీశాను. ఈసారి అడిగింది కుండలకీ మజ్జిగకీ కాదు. ఆ పేటకి కుళాయి ఎందుకు రాలేదో కనుక్కోవడానికి, అర్జీలు రాయించడానికి, కాగితాల నకళ్ళకి, ఆఫీసుకు వెళ్ళే నలుగురు ఆడవాళ్ళకి ఆ పూట పోయే కూలి ఇవ్వడానికి. అవే గడపలు, అవే మంచి మనుషులు. కాని మాట మారింది. "అదంతా రాజకీయం వదినగారూ, మనకెందుకు?" అన్నారు ఒకరు. "చలివేంద్రానికైతే మరో వంద ఇస్తాను, దీనికి మాత్రం నన్ను అడక్కండి" అన్నారు ఇంకొకరు. రెండు రోజులు తిరిగితే పుస్తకంలో చేరింది మొత్తం 340 రూపాయలు.

ఆ రాత్రి లెక్క చూసుకుంటూ ఉంటే, ఎప్పుడో చదివిన ఒక మాట జ్ఞాపకం వచ్చింది. ఇంగ్లండులో యార్క్ అనే ఊళ్ళో జోసెఫ్ రౌంట్రీ అనే వ్యాపారి ఉండేవాడు. 1904లో తన ఆస్తిలో దాదాపు సగం ట్రస్టులకు రాసిచ్చి, ఆ డబ్బు ఎలా వాడాలో సూచిస్తూ ఒక పత్రం రాసిపెట్టాడు. అందులో ఆయన చెప్పుకున్నది ఇంచుమించు నా గోడే. తమ ఊళ్ళో బీదలకు సూపు పోసే కేంద్రానికి డబ్బుకు ఎన్నడూ కొరత రాదట. ఆ బీదతనం ఎంత ఉంది, ఎందుచేత వచ్చింది అని విచారిద్దామంటే మాత్రం ఇచ్చే చెయ్యి కనపడదట!

ఆ రౌంట్రీ ఇంటివారి సొమ్ము కథే ఇవాళ మీకు చెప్పబోయేది.

పేరు కొత్తగా ఉందా? మీ పిల్లల పుణ్యమా అని ఆ కంపెనీ సరుకు మీ ఇంటికి వచ్చే ఉంటుంది. కిట్‌క్యాట్ చాక్లెట్టు ఉంది చూశారూ, దాన్ని 1935లో మొట్టమొదట తయారుచేసింది ఆ యార్క్ ఫ్యాక్టరీయే. 1988లో ఆ కంపెనీని స్విట్జర్లాండుకు చెందిన నెస్లే కొనేసింది. కంపెనీ చేతులు మారింది గాని, ఆ పెద్దాయన పెట్టిన ట్రస్టులు ఇప్పటికీ పనిచేస్తున్నాయి.

జోసెఫ్ రౌంట్రీ 1836లో ఒక పచారీ కొట్టు యజమాని ఇంట పుట్టాడు. వాళ్ళది క్వేకర్ల కుటుంబం. క్వేకర్లంటే క్రైస్తవంలో ఒక చిన్న శాఖవారు. యుద్ధం, జూదం, తాగుడు కూడవంటారు. 1850లో, పద్నాలుగేళ్ళ వయసులో, తండ్రి వెంట ఐర్లండు వెళ్ళాడు. బంగాళాదుంప పంట కుళ్ళిపోయి, లక్షలమంది తిండిలేక పోయిన ఆ కరువు మిగిల్చిన ఆనవాళ్ళు ఆ పిల్లవాడు కళ్ళారా చూశాడు. 1869లో తమ్ముడి కోకో వ్యాపారంలో చేరేనాటికి అందులో పనివాళ్ళు 30 మంది. ఆ శతాబ్దం ముగిసేనాటికి 4,000 పైచిలుకు. డబ్బు బాగానే వచ్చిందన్నమాట.

డబ్బున్నవాళ్ళు దానధర్మాలు చెయ్యడం వింత కాదు. ఈ ఇంట్లో వింత ఏమిటంటే, వాళ్ళు దానానికి ముందు లెక్క తీశారు. ఆయన కొడుకు సీబోమ్ రౌంట్రీ 1899లో యార్క్ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగించి కూలీ కుటుంబాల వివరాలు రాయించాడు. ఒకటీ రెండూ కాదు, 11,560 కుటుంబాలు. ఎంత సంపాదన, ఎందరు పిల్లలు, ఎంత అద్దె, ఏం తింటున్నారు, అన్నీ.

ఆ తర్వాత ఆయన చేసిన లెక్క మన ఆడవాళ్ళకి చప్పున అర్థమవుతుంది. భార్యాభర్తలూ ముగ్గురు పిల్లలూ ఉన్న ఇంటికి, ఒంట్లో శక్తి నిలవడానికి కావలసిన తిండి, అద్దె, బట్టలు, బొగ్గు, వీటికి వారానికి 21 షిల్లింగుల 8 పెన్నీలు ఉండాలని తేల్చాడు. ఆ లెక్కలో బస్సు టిక్కెట్టుకు చోటులేదు. వార్తాపత్రికకు లేదు. పుట్టింటికి ఉత్తరం రాయాలంటే తపాలా బిళ్ళకు లేదు. పిల్లవాడికో బొమ్మకు లేదు. ప్రాణం నిలబెట్టుకునే లెక్కేగాని, బతుకు లెక్క కాదు.

అంత బిగించి లెక్కవేసినా, ఆ గీతకు కిందనో, గీతమీద ఉండీ దరిద్రంలోనో ఉన్నవాళ్ళు ఊరి జనంలో నూటికి 28 మంది దాకా తేలారు. అంతవరకూ పెద్దమనుషులందరూ ఏమనేవారు? తాగుడుచేత, సోమరితనంచేత చెడిపోయారనేవారు. కాని ఆ గీతకు కిందనున్న జనంలో సగానికి మించినవారి ఇళ్ళలో మగవాడు రోజూ పనికి పోతూనే ఉన్నాడు. కూలే చాలడం లేదు! తక్కినవాళ్ళలో ఇంటి యజమాని చనిపోయినవాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు ఎక్కువైనవాళ్ళు. 1901లో ఈ వివరాలన్నీ పుస్తకంగా వచ్చాయి. ఆ దేశంలో 1908లో ముసలివాళ్ళకు పింఛను చట్టం, 1911లో జబ్బుపడ్డ కార్మికులకు బీమా చట్టం వచ్చినప్పుడు జరిగిన చర్చల్లో ఇటువంటి లెక్కలకి పెద్ద పాత్ర ఉంది.

ఇప్పుడు చెప్పండి. కూలి చాలక ఆకలితో ఉన్నవాడికి సూపు పోస్తే ఆ పూట గడుస్తుంది. మరి కూలి పెరగాలంటే? అది సూపు గరిటెతో అయ్యే పని కాదు. చట్టం మారాలి, చట్టం చేసేవాళ్ళ మనసు మారాలి, ఓటు వేసేవాళ్ళకి సంగతి తెలియాలి. అంటే, మనం గడప దగ్గరే ఆగిపోయే ఆ రాజకీయంలోకి దిగాలి.

జీతం రాగానే మనం పాలకొకటి, అద్దెకొకటి, పండగలకొకటి డబ్బాలు పెట్టుకోమూ? జోసెఫ్ రౌంట్రీ కూడా 1904లో తన సొమ్ము మూడు డబ్బాల్లో పెట్టాడు.

మొదటిది ఇళ్ళ డబ్బా. యార్క్ పక్కన న్యూ ఎర్స్‌విక్ అనే పల్లె కట్టడం 1902లో మొదలైంది. గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు, ఒక్కొక్క ఇంటికీ కాస్త పెరడు. తన ఫ్యాక్టరీ వాళ్ళకే కాదు, ఇతరులకూ చోటిచ్చారు. ఆ ట్రస్టే ఇప్పుడు జోసెఫ్ రౌంట్రీ ఫౌండేషన్ పేరుతో బీదతనంమీద పరిశోధనలు చేయిస్తున్నది. రెండోది ధర్మకార్యాల డబ్బా, అంటే చారిటబుల్ ట్రస్టు. చట్టం ధర్మం అని ఒప్పుకునే పనులకు అది. మూడో డబ్బా దగ్గరే మనం ఆగి చూడాలి. దాని పేరు అప్పట్లో సోషల్ సర్వీస్ ట్రస్టు. 1990లో రిఫార్మ్ ట్రస్టు అని పేరు మార్చారు. రిఫార్మ్ అంటే సంస్కరణ.

మూడోది ఎందుకు? ఇంగ్లండు చట్టంలో ఒక మెలిక ఉంది. ధర్మసంస్థ అని గుర్తింపు ఉంటే పన్ను రాయితీ దొరుకుతుంది. కాని రాజకీయ ప్రయోజనం కోసం పెట్టిన సంస్థకు ఆ గుర్తింపు దొరకదు. చట్టం మార్పించడమే ముఖ్యోద్దేశమైతే అదీ రాజకీయమే. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ మీరు వినే ఉంటారు. అన్యాయంగా జైల్లో పెట్టినవాళ్ళ కోసం పనిచేస్తుంది. 1981లో వాళ్ళు పెట్టిన ట్రస్టుకు సైతం అక్కడి కోర్టు ఈ కారణంగానే ధర్మసంస్థ హోదా ఇవ్వలేదు.

ఈ మెలిక రౌంట్రీకి ముందే తెలుసు. అందుకని మూడోదాన్ని ధర్మసంస్థగా పెట్టనేలేదు, కంపెనీగా పెట్టాడు. దాని ఆదాయం మీద పన్ను కడతారు. పన్ను కట్టేసిన సొమ్ము గనుక, పార్టీకి ఇచ్చినా, చట్టం మార్చాలనే ప్రచారానికి ఇచ్చినా అడ్డు లేదు. రాయితీ పోతే పోయింది, నోరు కట్టేసుకోనక్కర్లేదన్నది ఆ లెక్క. నాకైతే ఇది ఎంతో తెలివైన ఏర్పాటుగా తోచింది.

డబ్బు ఎలా నడుస్తుందో కూడా చెబుతాను. అసలు కదపకుండా వడ్డీతో పండగలు చేసుకునే ఇల్లు చూశారుగా? ఇదీ అలాగే. అసలు సొమ్ము షేర్లలోనో భూముల్లోనో ఉంటుంది. దానిమీద ఏటా వచ్చే రాబడిని పంచుతారు. కావలసినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏం చేస్తారు, ఎంత అవుతుంది, ఎందుకు అవసరం అని రాయాలి. పెద్దలు కూర్చుని చదివి, కొన్ని ఒప్పుకుంటారు, చాలావాటికి లేదంటారు. రాజకీయ సంస్కరణ డబ్బాలోంచి ఇచ్చేటప్పుడు మరో ప్రశ్న కూడా అడుగుతారు: ఈ పనికి మామూలు ధర్మసంస్థ డబ్బు ఇవ్వగలదా? ఇవ్వగలిగితే అక్కడికే వెళ్ళమంటారు.

మరి ఇలా ఇచ్చిన డబ్బుతో ఏమైంది?

మొదట్లో పత్రికలమీద పెట్టారు. జనానికి నిజం తెలిస్తేగాని సంస్కరణ రాదని ఆ పెద్దాయన నమ్మకం. 1907లో మొదలైన నేషన్ అనే వారపత్రికను నష్టం వస్తున్నా ఏళ్ళ తరబడి నడిపారు.

1970 దశకం మొదట్లో ఒక చిత్రమైన పని చేశారు. అక్కడి పార్లమెంటులో మంత్రుల వెనక పెద్ద యంత్రాంగం ఉండేది. ప్రతిపక్షం వాళ్ళకి కాగితం వెతికిపెట్టే మనిషి కూడా ఉండేవాడు కాదు. లెక్కలు తెలియకపోతే ప్రశ్న అడగడం ఎలా? అందుకని ఈ ట్రస్టు కొంతమంది సహాయకులకు జీతాలిచ్చింది. కోకో డబ్బుతో వచ్చినవాళ్ళు కాబట్టి వాళ్ళకి చాక్లెట్ సైనికులని ముద్దుపేరు పెట్టారు. అది చూసి, 1975 నుంచి ప్రతిపక్షాల పనికి ప్రభుత్వ ఖజానానుంచే డబ్బు ఇవ్వడం మొదలైంది. గుప్పెడు గింజలు చల్లితే ఊరి చెరువు గట్టు కింద పొలమంతా పండినట్టయింది. అన్నట్టు, ఆ సంవత్సరాల్లో ఆ ట్రస్టు వ్యవహారాలు చూసినాయన పేరు ప్రతాప్ చిట్నిస్. పేరు వింటేనే తెలుస్తుంది కదా, మన దేశపు మూలాలున్నవాడని! 1977లో ఆయన ప్రభువుల సభలో సభ్యుడు కూడా అయ్యాడు.

ఇంకొకటి సమాచార హక్కు. ప్రభుత్వం దగ్గరున్న కాగితాలు ప్రజలు చూడవచ్చుననే చట్టం కోసం అక్కడ 1984లో ఒక ప్రచారం మొదలైంది. దానికి రౌంట్రీ చారిటబుల్ ట్రస్టు ఏళ్ళ తరబడి అండగా నిలిచింది. చట్టం 2000లో వచ్చింది. అమలులోకి వచ్చింది 2005 జనవరిలో. ఆ ఏడే మన దేశంలోనూ సమాచార హక్కు చట్టం వచ్చింది. మనదానికి ఊపిరిపోసింది ఏ చాక్లెట్ల ట్రస్టూ కాదు. 1990 దశకంలో మా పనుల లెక్కలు చూపించండని నిలదీసిన రాజస్థాన్ పల్లెల కూలీలు. దారులు వేరైనా అడిగిన ప్రశ్న ఒకటే.

ఇంతవరకూ విని మీలో కొందరు, "అంతా బాగానే ఉందిగాని, డబ్బున్నవాళ్ళు రాజకీయాల్లో డబ్బు పెట్టడం మంచిదేనా? వాళ్ళని ఎవరు ఎన్నుకున్నారు?" అని అడగవచ్చు. సరైన ప్రశ్న. ఈ ట్రస్టు లిబరల్ పార్టీకీ, దాని వారసులైన లిబరల్ డెమొక్రాట్లకీ పెద్ద మొత్తాలే ఇచ్చింది. ఇంకో పార్టీని మెచ్చే ధనవంతుడు ఇంకా పెద్ద మొత్తం ఇవ్వగలడు. అలాగే పోతే ఓటుకంటే నోటుకే బలం. దీనికి పూర్తి విరుగుడు నాకు తెలియదు. కాని రెండు కట్టుబాట్లు ఉంటే హాని తగ్గుతుంది. ఎవరికి ఎంత ఇచ్చామో బాహాటంగా చెప్పాలి. పన్ను ఎగవేసిన సొమ్ము కారాదు. ఈ ట్రస్టు పన్ను కడుతుంది, ఇచ్చినవాటి వివరాలు ప్రకటిస్తుంది. జోసెఫ్ రౌంట్రీ మరో జాగ్రత్త కూడా తీసుకున్నాడు. కాలం మారితే అవసరాలూ మారతాయి, నా మాటకే కట్టుబడి కూర్చోకండని వారసులకు చెప్పాడు. రెండో, మూడో డబ్బాలు 35 ఏళ్ళలో ఖర్చుపెట్టి మూసేస్తే బాగుంటుందనుకున్నాడు. చచ్చిపోయినవాడి చెయ్యి బతికున్నవాళ్ళ మెడమీద ఉండకూడదని ఆయనకి తెలుసు. అయితే వారసులు మూయలేదనుకోండి!

ఇక ఈ కథలో చేదు కూడా ఉంది. దాచడం న్యాయం కాదు. ఇంత మంచి పనులు చేసిన ఆ సొమ్ము ఎక్కడిది? కోకో గింజలది. పశ్చిమ ఆఫ్రికా తీరాన సావో టోమే, ప్రిన్సిపే అనే పోర్చుగీసువారి దీవుల్లో తోటలు ఉండేవి. పేరుకు ఒప్పందపు కూలీలేగాని, అక్కడివాళ్ళ బతుకు బానిస బతుకే. రౌంట్రీ కంపెనీ ఆ గింజలూ కొన్నది. 1909లోగాని ఇంగ్లీషు చాక్లెట్ కంపెనీలు అక్కడ కొనడం మానలేదు. మళ్ళీ 1980 దశకం మొదట్లో దక్షిణాఫ్రికాలో ఆ కంపెనీ శాఖ, తమ సంఘాన్ని గుర్తించమన్న నల్లజాతి కార్మికులను పనిలోంచి తీసేసింది. యార్క్‌లో కూలివాడి తిండి పెన్నీలతో సహా లెక్కవేసిన ఇంటివారు, గింజలు కోసిన చేతుల లెక్క అడగడానికి ఎంత కాలం పట్టిందో చూడండి! 2021లో ఆ ట్రస్టులే పాత దస్తావేజులు తీయించి, ఈ సంగతులు బయటపెట్టి, క్షమాపణ చెప్పుకున్నాయి.

ఇది వాళ్ళని తక్కువ చెయ్యడానికి చెప్పలేదు. కారణం వెతకడమంటూ మొదలుపెడితే, ఆ దారి తిరిగి తిరిగి మన గుమ్మం ముందుకే వస్తుంది. అందుకే కాబోలు జనం సూపు పోయడానికి ముందుకొస్తారు, కారణం అడగడానికి వెనకాడతారు. మా వీధిలోనూ ఇంతే. పేటకి నీళ్ళు ఎందుకు రావడం లేదని అడిగితే, మా మేడలమీద ట్యాంకులు ఎలా నిండుతున్నాయనే ప్రశ్న కూడా వస్తుంది మరి.

ఇంతకీ మా 340 రూపాయలు ఏమయ్యాయంటారా? అందులో పది రూపాయలు రుసుము కట్టి, సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టాం. ఆ పేటకి గొట్టాలు ఎప్పుడు మంజూరయ్యాయి, పని ఎందాకా వచ్చింది అని. తక్కినది నకళ్ళకీ, ఆటోకీ, పనిమానుకుని వచ్చిన ఒకామె కూలికీ సరిపోయింది. ముప్పై రోజుల్లో జవాబు వచ్చింది. కుళాయిలు వేయవలసిన వీధుల జాబితాలో ఆ పేట పేరే లేదట! ఏళ్ళ తరబడి వాళ్ళు అడుగుతున్నది కాగితంమీద లేని వీధికి నీళ్ళు. ఆ జవాబు నకలు జతచేసి, పేటలో ఆడవాళ్ళందరూ సంతకాలూ వేలిముద్రలూ పెట్టి అర్జీ ఇచ్చారు. మూడు నెలలు తిరిగాక పేట పేరు జాబితాలో చేరింది. కుళాయి మాత్రం ఇంకా రాలేదు.

కాబట్టి వచ్చే వేసవికి చలివేంద్రం మళ్ళీ పెడతాం. దాహంతో ఉన్నవాళ్ళని కుళాయి వచ్చేదాకా ఆగమనలేం కదా. అయితే ఈసారి చందా పుస్తకంలో రెండు గళ్ళు గీశాను. ఒకటి కుండలకీ మజ్జిగకీ. రెండోది కుళాయికి. ఎందులో ఎంత వేస్తారో వాళ్ళవాళ్ళ ఇష్టం. నూటపదహార్లలో నూరు మొదటి గడిలో వేసి, ఆ పదహార్లు రెండోదాంట్లో వేసినా చాలు.

మీ ఊళ్ళో, మీ మండలిలో అన్నదానమో, పుస్తకాల పంపిణీయో, దుప్పట్లో, ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. మానకండి. ఇస్తున్నప్పుడు ఒక్కమాట మాత్రం అడిగి చూడండి: ఏటా ఈ వరస ఎందుకు తరగడం లేదు? జవాబు వెతకడానికి కూడా ఒక డబ్బా పెట్టండి. చిన్నదే అయినా ఫరవాలేదు.